అగరుబత్తి పెట్టె మీది దేవుణ్ణి ఎక్కడ పారేయాలి?

అగరుబత్తులు అయిపోతాయి, పెట్టె మిగులుతుంది. దాని మీద శంఖచక్రాలతో వేంకటేశ్వరస్వామి నిలబడి ఉంటాడు, లేదా పద్మంలో లక్ష్మి కూర్చుని ఉంటుంది, లేదా సాయిబాబా చెయ్యెత్తి దీవిస్తుంటాడు. ఇల్లాలు ఆ పెట్టెను చెత్తబుట్ట దాకా తీసుకెళ్ళి ఆగిపోతుంది. కూరగాయల తొక్కల మీద ఆ ముఖం పడేలా వదలడానికి చెయ్యి రాదు. పెట్టె మళ్ళీ వెనక్కి వచ్చి పూజగూటి పక్కనో, అటక మీదో చేరుతుంది. ఏడాది తిరిగేసరికి అక్కడ పాత క్యాలెండర్లు, శుభలేఖలు, కర్పూరం డబ్బాలు, పసుపు కుంకాల పొట్లాలు, నగల దుకాణం వాళ్ళిచ్చిన సంచి కలిసి ఒక మూట అవుతాయి. పండగ ముందు ఇల్లు దులిపేటప్పుడు ఆ మూట ఊరవతల రావిచెట్టు మొదట్లోకి పోతుంది. లేకపోతే వంతెన మీద నుంచి ప్లాస్టిక్ సంచితో సహా నదిలోకి పోతుంది.

హైదరాబాద్ మొదలుకొని చిన్న పట్నాల దాకా ఆ రావిచెట్లను చూడనివారు ఉండరు. పగిలిన అద్దాలు, చెదలు పట్టిన చట్రాలు, వానకు రంగు వెలిసి సగం ముఖమే మిగిలిన దేవతలు. వాటిని అక్కడ పెట్టినవారెవరూ అవమానించాలని పెట్టలేదు. అవమానం జరగకూడదనే అంత దూరం మోసుకొచ్చారు. అయినా అక్కడ జరుగుతున్నది అవమానమే. కుక్కలు తిరుగుతాయి, గాజుపెంకులు పిల్లల కాళ్ళకు గుచ్చుకుంటాయి, చివరికి మునిసిపల్ బండి వచ్చి అన్నింటినీ ఒకే కుప్పగా ఎత్తుకుపోతుంది.

చెత్తబుట్ట దగ్గర ఆగిన ఆ చెయ్యిని మూఢనమ్మకమని తేలిగ్గా తీసెయ్యవచ్చు. కానీ ఆ క్షణంలో ఆమె అడుగుతున్నది తత్వశాస్త్రం నిజంగా అడగవలసిన ప్రశ్న. ఒక వస్తువు ఎప్పుడు పవిత్రమవుతుంది? ఎప్పుడు మళ్ళీ మామూలు వస్తువవుతుంది? ఈ రెండో సగానికి మన సంప్రదాయం దగ్గర చాలా స్పష్టమైన జవాబు ఉంది. మన మార్కెట్టు దగ్గర ఏ జవాబూ లేదు.

ఏ వ్రతమైనా ముందు పసుపు గణపతితోనే మొదలవుతుంది. చిటికెడు పసుపు నీళ్ళతో తడిపి, చిన్న ముద్ద చేసి తమలపాకు మీద ఉంచుతారు. అంతకు నిమిషం ముందు అది వంటింటి డబ్బాలోని పసుపు, పప్పులో పడవలసినదే. ఆవాహన జరిగాక అది గణపతి. ఆయనకు ఆసనం ఇస్తారు, కాళ్ళు కడుగుతారు, స్నానం చేయిస్తారు, వస్త్రం, గంధం, ధూపం, దీపం, నైవేద్యం సమర్పిస్తారు. ఇంటికి వచ్చిన పెద్దమనిషికి చేసే మర్యాదలన్నీ పదహారు ఉపచారాలుగా జరుగుతాయి. తరువాత పురోహితుడు 'యజ్ఞేన యజ్ఞమయజంత దేవాః' అని చదివి, 'యథాస్థానం ప్రవేశయామి, శోభనార్థే క్షేమాయ పునరాగమనాయ చ' అంటూ ఆ తమలపాకును కాస్త పక్కకు కదుపుతాడు. ఆ చిన్న కదలికే ఉద్వాసన. అతిథి తన చోటికి వెళ్ళిపోయాడు. మళ్ళీ రమ్మని చెప్పి సాగనంపారు. మిగిలింది పసుపు. దాన్ని నీళ్ళలో కలిపి చెట్టు మొదట్లో పోస్తే ఏ దోషమూ లేదు.

గుడిలో మూర్తి విషయంలోనూ సూత్రం ఇదే, విస్తారంగా. శిల్పి దగ్గర ఉన్నంతకాలం రాయి రాయే. అతను దాని మీద కాలు ఆనించి ఉలి పట్టుకున్నా తప్పు లేదు. నయనోన్మీలనం (మూర్తికి కళ్ళు తెరిపించడం), ప్రాణప్రతిష్ఠ జరిగాక అతను కూడా గర్భగుడి బయటే నిలబడాలి. ఆలయానికి జీర్ణోద్ధారణ అవసరమైనప్పుడు మూర్తిలోని కళను, అంటే దైవశక్తిని, కలశంలోకి ఆకర్షించి, తాత్కాలికంగా బాలాలయం కట్టి అక్కడ పూజలు జరుపుతారు. యాదగిరిగుట్టలో 2016 నుంచి 2022 మార్చి 28న ప్రధానాలయం మళ్ళీ తెరుచుకునే దాకా భక్తులకు దర్శనం దొరికింది బాలాలయంలోనే. ఇక బాగుచేయలేనంతగా భిన్నమైన విగ్రహాన్ని విధి ప్రకారం నీటిలో విడిచిపెట్టమని ఆలయ విధులు చెప్పే శాస్త్రాలైన ఆగమాలు చెబుతాయి. శాశ్వతంగా నిలవాలని చెక్కిన రాతికి కూడా ముగింపు ఎలా ఉండాలో ముందే రాసిపెట్టి ఉంది.

ఇందులో ఉన్న తాత్విక దృష్టి లోతైనది. పవిత్రత వస్తువు లోపల నిల్వ ఉండే సరుకు అని ఈ దృష్టి ఒప్పుకోదు. పవిత్రత ఒక రాక, ఒక పోక, ఈ రెంటి మధ్య జరిగే సేవ. తొమ్మిది రోజుల పండగలో బతుకమ్మను కొత్త పూలతో పేర్చి ఏ రోజుకారోజు నీటిలో వదలడంలో, వినాయకచవితికి చెరువు మట్టితో చేసిన బొమ్మను తిరిగి ఆ చెరువుకే ఇవ్వడంలో ఉన్నది ఈ చూపే.

తెలుగు ఇళ్ళలో ఈ చూపు మాటల్లోకి కూడా దిగింది. దీపం ఆరిపోయింది అనరు, కొండెక్కింది అంటారు. డబ్బాలో బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటారు. వీటిని అశుభం పలకకూడదన్న జంకుగా మాత్రమే చూస్తే సగమే అర్థమవుతుంది. ఇంత మేలు చేసిన దీపాన్నీ బియ్యాన్నీ 'అయిపోయింది' అన్న మొండి మాటతో పంపించడానికి మనసొప్పని మర్యాద అందులో ఉంది. భాషే ఉద్వాసన చెబుతోంది.

శ్రీవైష్ణవ ఆచార్యులు భగవంతుడి ఐదు స్థితులను నీటితో పోల్చి చెప్పారు. వైకుంఠంలో ఉండే పరరూపం బ్రహ్మాండానికి అవతల ఉన్న నీరు, దప్పికతో ఉన్నవాడికి అందదు. వ్యూహరూపం పాలసముద్రం. రామకృష్ణాది అవతారాలు ఏటికి వచ్చిన వరదలు, ఆ కాలంలో ఉన్నవారికే దక్కాయి. ప్రతి ప్రాణి లోపలా ఉండే అంతర్యామి భూగర్భజలం, తవ్వగలవాడికే. పూజలందుకునే విగ్రహమైన అర్చామూర్తి మాత్రం వరద తీశాక ఏటి మడుగుల్లో నిలిచిన నీరు: ఎప్పుడు వెళ్ళినా, ఎవరు వంగినా దోసిట్లోకి వస్తుంది. ఈ గుణానికి వారు పెట్టిన పేరు సౌలభ్యం. అంత గొప్పవాడు భక్తుడి చేతికి చిక్కి, పెట్టినది తిని, కట్టినది కట్టుకుని, తలుపు మూసేస్తే చీకట్లో ఉండటానికి కూడా ఒప్పుకున్నాడని చెబుతూ వారు కరిగిపోయారు. ఈనాడు సౌలభ్యం అనే మాట వాయిదా చెల్లింపుల ప్రకటనల్లో కనిపిస్తుంది. ఆచార్యుల పోలికను ఇంకొంచెం సాగదీస్తే, ముద్రణాయంత్రం చేసిన పని ఆ మడుగు నీటిని సీసాల్లో పట్టి ఇంటింటికీ పంపడం. దప్పిక తీరిన మాట నిజం. సీసా ఏం చేయాలన్నదే మిగిలిపోయింది.

దప్పిక తీరిందన్న మాట దగ్గర కాస్త ఆగాలి. పటాన్ని, క్యాలెండరును చులకనగా మాట్లాడటం చదువుకున్నవారికి అలవాటు. ఆ చులకన అన్యాయం. తిరువాన్కూరు సంస్థానంలోని కిళిమానూరులో పుట్టిన రాజా రవివర్మ 1894లో బొంబాయిలో లితోగ్రఫీ (రాతిపలకల అచ్చు) ముద్రణాలయం పెట్టించాడు. తరువాత అది లోనావాలా దగ్గరికి మారింది. అక్కడ అచ్చయిన లక్ష్మి, సరస్వతి దేశమంతటా గోడలకు ఎక్కారు. ఆ చిత్రకారుడి సొంత సంస్థానంలో దళితులకు గుడి తలుపులు తెరుస్తూ రాజప్రకటన వెలువడింది 1936 నవంబరు 12న. ఈ రెండు తేదీల మధ్య 42 ఏళ్ళున్నాయి. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో ఆలయ ప్రవేశ చట్టాలు వచ్చింది 1939లో, 1947లో. అంటే గుడి గడప దాటనివ్వని మనిషి గుడిసెలోకి దేవుడు తానే నడిచి వెళ్ళింది కాగితం రూపంలో. దానికి పూజారి అనుమతి అక్కరలేకపోయింది. సౌలభ్యం అనే మాటకు ఆచార్యులు ఇచ్చిన అర్థాన్ని ఆ రోజుల్లో గుడికన్నా అచ్చుకాగితమే ఎక్కువ నిజం చేసింది. వస్తువుల మార్కెట్టు చేసిన ఈ మేలును ఒప్పుకోకుండా దాని తప్పు గురించి మాట్లాడే అర్హత ఎవరికీ లేదు.

గోడకెక్కిన పటం త్వరలోనే ఇంటి మనిషి అయింది. శాస్త్రప్రకారం దానికి ప్రాణప్రతిష్ఠ జరగలేదు. కానీ రోజూ ఉదయం దానికి బొట్టు పెట్టారు, దండ వేశారు, పరీక్షకు వెళ్ళే పిల్లలు దానికి దణ్ణం పెట్టుకున్నారు, చావు వచ్చినప్పుడు దాని ముందే ఏడ్చారు. ముప్ఫై ఏళ్ళు అలా గడిచిన పటాన్ని కాగితమని ఎవరనగలరు? మంత్రం చేయని పనిని అలవాటు చేసింది.

అయితే దేవుడి బొమ్మ ఇంకో దారిలోనూ వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే మాంచెస్టర్ మిల్లుల నుంచి దిగుమతయ్యే గుడ్డల మీద, స్వీడన్, ఆస్ట్రియాల నుంచి వచ్చే అగ్గిపెట్టెల మీద కృష్ణుడు, లక్ష్మి, కాళి కనిపించేవారు. మన దేవతల మీద అక్కడి వ్యాపారులకు భక్తి ఉండి కాదు. అక్షరం రానివారు బొమ్మను బట్టి సరుకును గుర్తుపడతారు, గుర్తుపట్టడమే గాక నమ్ముతారు. 20వ శతాబ్దం మొదట్లో రవివర్మ ముద్రణాలయం ఫ్రిట్జ్ ష్లైకర్ అనే జర్మన్ నిపుణుడి చేతికి వెళ్ళింది. పటాలతోపాటు సరుకుల లేబుళ్ళు, ప్రకటనలు కూడా అక్కడ అచ్చయ్యాయి. 1920ల్లో అగ్గిపెట్టెల పరిశ్రమ వేళ్ళూనుకున్న శివకాశి తరువాత క్యాలెండర్లకూ, లేబుళ్ళకూ, టపాకాయల పెట్టెలకూ కేంద్రమైంది. లక్ష్మీదేవి బొమ్మ ఉన్న టపాకాయను దీపావళి నాడు లక్ష్మీపూజ చేసిన చేతులతోనే వెలిగించి, మర్నాడు పొద్దున ఆ ముక్కలను చీపురుతో ఊడ్చే ఆచారం అలా మన ఇళ్ళలోకి వచ్చింది.

పటానికీ పెట్టెకూ మధ్య తేడా ఇక్కడ ఉంది. పటం కొన్నవాడు దేవుణ్ణి కొనుక్కున్నాడు. పెట్టె కొన్నవాడు అగరుబత్తిని కొనుక్కున్నాడు. దేవుడు చుట్టుకాగితంగా వెంట వచ్చాడు. పటం జీవితం ముప్ఫై ఏళ్ళు, క్యాలెండరు జీవితం ఒక ఏడాది, పెట్టె జీవితం వారం రోజులు, పాన్‌మసాలా దుకాణంలో వేలాడే చిన్న పొట్లం జీవితం అర నిమిషం. ఆయుష్షు తగ్గేకొద్దీ బొమ్మకు అలవాటు ద్వారా పవిత్రత రావడానికి వ్యవధి ఉండదు, కానీ మర్యాద చేయవలసిన బాధ్యత మాత్రం అంతే బరువుగా మిగులుతుంది. సేవ లేని చోట సంకోచం ఒక్కటే మిగలడం ఇదే.

చట్టానికి కూడా ఈ చిక్కు తగిలింది. ప్రతిష్ఠిత దేవతామూర్తి న్యాయస్థానం దృష్టిలో వ్యక్తి. 1925లో ఒక కలకత్తా కుటుంబపు తగాదాలో, ఇంటి ఇలవేల్పును ఆస్తిలా అటూ ఇటూ మార్చుకునే వీలు లేదని, ఆ దేవత ఇష్టం కూడా లెక్కలోకి తీసుకోవాలని అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన లండన్ ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. అదే దేవత అగరుబత్తి పెట్టె మీద సరుకు గుర్తు. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం మతపరమైన మనోభావాలను గాయపరిచే గుర్తులను నమోదు చేయరాదంటుంది. అగరుబత్తులకు 'రామాయణ్' అనే పేరు తనకే చెందాలని ఒక వ్యాపారి కోరిన కేసులో, పవిత్రగ్రంథం పేరు మీద ఎవరికీ ఏకస్వామ్యం ఉండదని సుప్రీంకోర్టు 2015లో తీర్పు చెప్పింది. పెట్టె మీద సీతారామలక్ష్మణుల బొమ్మలుండటాన్నీ ప్రస్తావించింది. మంచి తీర్పే. కానీ అది తేల్చింది ఆ పేరు ఒకరికే దక్కాలా అన్న సంగతి. పేరు, బొమ్మ వాడుకున్నాక వాటి గతి ఏమిటన్న సంగతి ఆ తీర్పులో లేదు, చట్టం దగ్గర దానికి మాటలు లేవు.

ఈ చిక్కును పండితులెవరినైనా అడిగితే మొదట వచ్చే సమాధానం తెలిసిందే: 'ఆవాహన లేదు కాబట్టి అది కాగితమే, పారేసినా దోషం లేదు.' ఆగమదృష్టితో ఇది నిక్కమైన మాట. మరి చెయ్యి ఎందుకు ఆగుతుంది? ఎందుకంటే తెలుగు ఇల్లాలి మనసులో ఉన్నది ఆగమం ఒక్కటే కాదు, భక్తి కూడా. భక్తిమార్గంలో నామానికీ నామికీ, అంటే పేరుకూ ఆ పేరుగలవాడికీ, భేదం లేదు. రామనామం పలకడానికి ప్రతిష్ఠ అక్కరలేదు, పలికితే చాలు రాముడున్నట్టే. నామానికి వర్తించే ఈ న్యాయం రూపానికి ఎందుకు వర్తించదు? ముహూర్తం చూడకుండా, పూజారి లేకుండా, ఎక్కడ తలిస్తే అక్కడ ఉంటాడని వందల ఏళ్ళుగా పాడుకున్న మనిషి, ఆ రూపం కంటపడగానే అప్రయత్నంగా తలుస్తాడు. తలవగానే ఆవాహన జరిగిపోయింది. అంటే పెట్టెను చెత్తలో వేయబోయిన క్షణంలోనే, ఆ చూపులోనే, దేవుడు వచ్చి కూర్చున్నాడు. ఆగమం కాగితమన్నది, భక్తి దేవుడన్నది. రెండూ మనవే, రెండూ నిజమే. ఆ రెండింటి మధ్య ఇరుక్కున్న చెయ్యి అది.

ఆ చెయ్యి అలా ఆగుతుందని సరుకు అమ్మేవాడికి బాగా తెలుసు. ఆ భయభక్తులే బొమ్మకున్న అంగడి విలువ. దుకాణంలో బొమ్మను చూసి చెయ్యి ముందుకు సాగడానికి ఏ కారణమో, చెత్తబుట్ట దగ్గర చెయ్యి వెనక్కి రావడానికీ అదే కారణం. మొదటి సగం లాభంగా వ్యాపారి ఖాతాలో పడుతుంది, రెండో సగం పాపభీతిగా ఇల్లాలి నెత్తిన పడుతుంది. గోడ పక్కన మూత్రవిసర్జన ఆపడానికి దేవుళ్ళ టైల్స్ అతికించడంలో ఈ లెక్క మరీ నగ్నంగా కనిపిస్తుంది. మరుగుదొడ్డి కట్టవలసిన చోట, కాపలా మనిషిని పెట్టవలసిన చోట, జీతం లేని కాపలాదారుగా దేవుణ్ణి నిలబెట్టారు. రోజూ ఆ దారిన వెళ్ళేవారు ఆ గోడను చూసి దేవుడున్నాడనుకుంటారో, ఇక్కడ దుర్గంధం ఉండేదనుకుంటారో ఆలోచించాలి.

కాగితం మీది పవిత్రతకు ముగింపు ఎలా అన్నది హిందువుల ఒక్కరి సమస్య కాదు. దైవనామం రాసిన పాత ప్రతులను పారేయకుండా యూదులు గెనీజా అనే గదిలో దాచి తరువాత పూడ్చిపెడతారు. కైరో పాతబస్తీలోని ప్రార్థనామందిరంలో అలా పూడ్చకుండా మిగిలిపోయిన కాగితాలు శతాబ్దాల పాటు పోగుపడి, లక్షల ముక్కలుగా చరిత్రకారులకు దొరికాయి. చిరిగిన ఖురాన్ ప్రతులను శుభ్రమైన గుడ్డలో చుట్టి, కాళ్ళు పడని చోట పాతిపెట్టడం ముస్లింల ఆచారం. కతోలిక క్రైస్తవులు మట్టల ఆదివారం నాడు ఇంటికి తెచ్చుకున్న మట్టలను ఏడాది పాటు శిలువ పక్కన ఉంచి, వాటిని కాల్చిన బూడిదనే మరుసటి ఏడాది భస్మ బుధవారం నాడు నుదుట పెట్టించుకుంటారు. ఒక పండగ ముగింపు ఇంకో పండగకు ద్రవ్యమైంది. ఇంతకన్నా అందమైన ఉద్వాసన ఊహించడం కష్టం.

వీరశైవుల దారి వేరు. పన్నెండో శతాబ్దంలో బసవేశ్వరుడి కాలం నుంచి ఇష్టలింగం అనే చిన్న శివలింగం ఒంటి మీదే ఉంటుంది. గురువు చేతి మీదుగా ఒకసారి వచ్చాక దానికి ఉద్వాసన అనేదే లేదు. మనిషితోపాటే సమాధిలోకి వెళుతుంది. ఒక జీవితానికి ఒకే మూర్తి. వారానికో కొత్త దేవుణ్ణి ఇంటికి తెచ్చే పెట్టెల కాలంలో ఆ లెక్క ఊపిరి బిగబట్టి చూడవలసినది.

ఈ విషయం కాగితం దగ్గర ఆగిపోయేది కాదని చెప్పడానికి హుస్సేన్‌సాగర్ చాలు. 1954లో ఖైరతాబాద్‌లో ఒక్క అడుగు వినాయకుడితో మొదలైన ఉత్సవం 2024లో డెబ్బై ఏళ్ళ గుర్తుగా 70 అడుగులకు చేరింది. ఎత్తు పెరగడంలో తప్పేమీ లేదు. భక్తి సంబరం కోరుకుంటుంది, సంబరం పెద్దదవుతుంది. తప్పు జరిగింది పదార్థంలో. జిప్సంను కాల్చి చేసే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ తేలిక, చవక, అచ్చులో పోస్తే గంటల్లో గట్టిపడుతుంది, మెరిసే రంగులను పట్టుకుంటుంది, లారీలో దూరాలు వెళ్ళినా విరగదు. అమ్మకానికి కావలసిన లక్షణాలన్నీ దానిలో ఉన్నాయి. నిమజ్జనానికి కావలసిన ఒక్క లక్షణం, కరిగిపోవడం, దానిలో లేదు.

ఈ లోపం చిన్నది కాదు. వినాయకచవితి అర్థమంతా ఆ కరగడంలోనే ఉంది. మట్టి వచ్చి మూర్తి అయింది, మూర్తి వెళ్ళి మట్టి అయింది. రూపం శాశ్వతం కాదని, రూపం పోయినా రూపానికి ఆధారమైనది పోదని, ఉపన్యాసం అక్కరలేకుండా పిల్లవాడికి కూడా కళ్ళారా చూపించే పాఠం అది. మట్టిబొమ్మ గంటల్లో ఆ పాఠం పూర్తిచేస్తుంది. ప్లాస్టర్ బొమ్మ నెలల తరబడి నీటి అడుగున చేతులు విరిగి పడుంటుంది. నిమజ్జనం మర్నాడు క్రేన్లు దాన్ని బయటికి లాగి ఒడ్డున పేరుస్తాయి. నిన్న హారతి పట్టినవారు ఈరోజు అటు చూడలేక తల తిప్పుకుంటారు. నీళ్ళలో రంగుల లోహాలు కలవడం, చేపలు చావడం పర్యావరణ నష్టం. కళ్ళు తిప్పుకోవలసి రావడం ఆధ్యాత్మిక నష్టం, దాన్ని ఏ కాలుష్య నియంత్రణ మండలీ కొలవదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో నిమజ్జన మార్గదర్శకాలు ఇచ్చింది, 2020లో సవరించి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వద్దంది. 2022 నుంచి ఖైరతాబాద్ వినాయకుడే మట్టితో తయారవుతున్నాడు. యాభై అడుగుల విగ్రహం మట్టితో సాధ్యమైనప్పుడు వీధి చివర ఐదడుగుల విగ్రహానికి ఏం అడ్డమన్నది అడగవలసిన మాట.

ప్లాస్టర్ బొమ్మ, అగరుబత్తి పెట్టె ఒకే కుటుంబం. రెండింటినీ తయారుచేసేటప్పుడు అమ్ముడుపోయే క్షణం దాకానే ఆలోచించారు. వినియోగ సమాజపు స్వభావమే ఇది. వస్తువు రాకకు అది చేసే ఆర్భాటం ఏ ఆవాహనకూ తీసిపోదు: ఫలానా తేదీన విడుదల, అర్ధరాత్రి నుంచి వరుసలు, ముందస్తు బుకింగు, పెట్టె విప్పడాన్నే వేడుకగా చేసి వీడియో తీయడం. పోకకు మాత్రం దానికి మాట కూడా లేదు. ఎనిమిదేళ్ళు జేబులో తిరిగిన ఫోను, అమ్మ చివరి మాటలు మోసిన ఫోను, ఒకరోజు సొరుగులోకి వెళుతుంది. దాన్ని పారేయలేక, వాడలేక అక్కడే వదిలేస్తారు. ప్రతి ఇంట్లో అలాంటి సొరుగు ఉంది. అది మన కాలపు రావిచెట్టు మొదలు.

వస్తువుల మీద ప్రేమ తప్పని చెప్పే వైరాగ్యం మన మధ్యతరగతి ఇళ్ళకు ఎప్పుడూ పూర్తిగా పట్టలేదు, పట్టకపోవడమే మంచిది. దసరాకు మగ్గానికి, నాగలికి, లారీకి, కుట్టుమిషనుకు పసుపు కుంకుమలు పెట్టే జాతి మనది. పనిముట్టుకు దణ్ణం పెట్టడంలో ఉన్నది వస్తువ్యామోహం అనుకుంటే పొరపాటు. వ్యామోహం ఉన్నవాడు వస్తువు తనదనుకుంటాడు, దణ్ణం పెట్టేవాడు అది తనకు తోడుగా వచ్చిందనుకుంటాడు. తోడుగా వచ్చినదాన్ని సాగనంపాలన్న ఎరుక అతనికి సహజంగానే ఉంటుంది. పునరాగమనాయ అన్న మాటలో ఉన్న ఆర్ద్రత ఇదే: వెళ్ళిరా. కొత్తది వచ్చింది కాబట్టి పాతది దండగ అనే మాటకు ఇది నేరుగా ఎదురు నిలుస్తుంది.

కనుక చెయ్యవలసిన పనులు భారీవి కావు. ఒకరోజులో చిరిగిపోయే పొట్లం మీద దేవుడి ముఖం వెయ్యకపోతే వ్యాపారం ఆగదు. ఒక తామరపువ్వు, ఒక దీపం బొమ్మ చాలు గుర్తుకు. ఈ బాధ్యత మొదట తయారీదారుదే, ఎందుకంటే ఆ బొమ్మతో మొదట లాభపడింది అతనే. దేవాలయాల బాధ్యత కూడా తక్కువేమీ కాదు. పటాలు అమ్మే గుడికి పాత పటాలు తీసుకునే చోటు కూడా ఉండాలి. పూల విషయంలో ఇలాంటి పని ఇప్పటికే మొదలైంది. తన ఆలయాల్లో వాడిన పూలతో తిరుమల తిరుపతి దేవస్థానం 2021 నుంచి అగరుబత్తులు తయారుచేయిస్తోంది. నిర్మాల్యం మళ్ళీ ధూపమైంది. నాసిక్‌లో ఒక సేవాసంస్థ ఇళ్ళనుంచి పాత పటాలు సేకరించి, ముందు పూజ చేసి, తరువాత చెక్క, గాజు, కాగితం వేరుచేసి మళ్ళీ వాడుకలోకి తెస్తోంది. వ్యర్థాల నిర్వహణ నిపుణులకు ఆ పూజ అనవసరమైన అదనపు మెట్టుగా కనిపించవచ్చు. కానీ ఆ పూజ లేకపోతే పటాలు ఇవ్వడానికి ఎవరూ రారు. మనుషుల చేతులను కదిలించేది అదే.

ఇంట్లో అయితే ఇంకా సులువు. పసుపు గణపతికి చెప్పే ఆ ఒక్క వాక్యం పటానికి, క్యాలెండరుకు, పెట్టెకు చెప్పకూడదని ఏ శాస్త్రమూ అనలేదు. సంస్కృతం రాకపోతే తెలుగులో చెప్పవచ్చు. స్వామీ, నీ చోటికి నువ్వు వెళ్ళు, మళ్ళీ మంచి పనికి రా. అద్దం తీసి పక్కన పెట్టి, చట్రం విడిగా తీసి, కాగితాన్ని రాత్రి నీళ్ళలో నానబెడితే తెల్లారేసరికి మెత్తబడుతుంది, నలిపితే గుజ్జు అవుతుంది.  అదే పెరట్లో, వీలు లేనివారు కుండీలో, పసుపు నీళ్ళు పోసిన చోటే మట్టి కింద కలిపేయవచ్చు.

పెట్టె మీద ప్లాస్టిక్ పొర ఉంటే మాత్రం అది నానదు.